పని పద్ధతి మారినప్పుడు సాఫ్ట్‌వేర్‌ను ఎలా మార్చాలి? గుంటూరు, విజయవాడ చిన్న సంస్థల కోసం

"సాఫ్ట్‌వేర్ కొన్నాం, మొదట్లో బాగానే నడిచింది. తర్వాత పని పద్ధతి కొంచెం మార్చుకున్నాం. అప్పటి నుంచి అందరూ మళ్లీ పుస్తకంలోనే రాస్తున్నారు. ఇప్పుడేం చేయాలి?" గుంటూరు కోల్డ్ స్టోరేజీల వాళ్లు, విజయవాడ ఆటోనగర్ షెడ్ల వాళ్లు, వన్‌టౌన్ హోల్‌సేల్ షాపుల వాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. ఒక్కొక్కరికీ ఫోన్‌లో చెప్పేకంటే అందరికీ పనికొచ్చేలా ఒకచోట రాస్తున్నాను.

ఇలాంటి చోట్ల చాలామంది కొత్త సాఫ్ట్‌వేర్ కొనాలనుకుంటారు. ఎక్కువసార్లు ఆ అవసరం ఉండదు. పద్ధతి మారిన రోజున సాఫ్ట్‌వేర్‌లో ఏ భాగం మారాలో ఎవరూ కూర్చుని చూడకపోవడం వల్లే ఇబ్బంది వస్తుంది. గుమస్తాకు బండి పంపడం ముఖ్యం. స్క్రీన్ ఒప్పుకోకపోతే చీటీ మీద రాసి పంపేస్తాడు. రెండు వారాలు అలా గడిస్తే కంప్యూటర్‌లో ఉన్న లెక్క మీద ఎవరికీ నమ్మకం ఉండదు.

మాటలు గాలిలో ఉండకుండా ఒక ఉదాహరణ పట్టుకుని వెళ్దాం. గుంటూరు పక్కన ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీ అనుకోండి. సరుకు బయటికి ఇవ్వడం ఇప్పటిదాకా ఇలా జరుగుతోంది: పార్టీ (సరుకు పెట్టినవాడు) ఫోన్ చేస్తాడు, గుమస్తా డెలివరీ చీటీ రాస్తాడు, ముఠా మేస్త్రీ (హమాలీల పెద్ద) ఛాంబర్ అనే చల్లని గది నుంచి టిక్కీలు (మిర్చి బస్తాలు) దింపిస్తాడు, కాటా వేస్తారు, అద్దె కట్టించుకుంటారు, గేటు దాటిస్తారు. ఇప్పుడు యజమాని ఒక మార్పు కోరుకుంటున్నాడు. బాండు (సరుకు పెట్టినప్పుడు స్టోరేజీ ఇచ్చే రసీదు) మీద బ్యాంకు లోన్ ఉంటే, బ్యాంకు విడుదల లెటర్ చూశాకే చీటీ రాయాలి. చూడటానికి చిన్న మార్పు. కానీ దీన్ని సరిగ్గా పెట్టకపోతే తాకట్టులో ఉన్న సరుకు గేటు దాటిపోతుంది, బ్యాంకుకు జవాబు చెప్పాల్సింది స్టోరేజీ వాళ్లే.

మీది ఆటోనగర్‌లో లారీ షెడ్ అయితే డెలివరీ చీటీ బదులు జాబ్ కార్డు అనుకుని చదవండి. ఆసుపత్రి అయితే డిశ్చార్జి ఫైలు. పద్ధతి ఒకటే.

ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

- గత నెలలో పూర్తయిన చీటీలు ఓ పది. వాటిలో గొడవ పడినవి, మధ్యలో ఆగినవి కనీసం మూడు ఉండాలి.
- ఇప్పుడు నడుస్తూ ఉన్న, ఇంకా పూర్తికాని పనుల జాబితా.
- సాఫ్ట్‌వేర్ అడ్మిన్ లాగిన్. ఇది మీ దగ్గరే ఉండాలి. పాత ఉద్యోగి సొంత జీమెయిల్‌లోనో, వెండర్ దగ్గరో ఉంటే ముందు ఆ సంగతి తేల్చుకోండి, మిగతాది తర్వాత.
- డేటా బ్యాకప్ ఒకటి, ఇవాళ్టి తేదీతో, ఆఫీసు కంప్యూటర్‌లో కాకుండా వేరే చోట.
- వరుస నంబర్లు ముందే అచ్చువేసిన కాగితం చీటీల పుస్తకం. ఇది ఎందుకో ఐదో మెట్టులో చెబుతాను.
- ఒక మనిషి. "ఈ మార్పు నా బాధ్యత" అని చెప్పగలిగినవాడు, పని తెలిసినవాడు. కంప్యూటర్ తెలియడం రెండో సంగతి.

1. జరుగుతున్న పనిని ఉన్నది ఉన్నట్టు రాయండి

యజమాని గదిలో కూర్చుని రాయొద్దు. అక్కడ రాసింది పని ఎలా జరగాలో చెబుతుంది, ఎలా జరుగుతోందో చెప్పదు. పది చీటీలు చేతిలో పట్టుకుని ఒక్కొక్కరి సీటు దగ్గరికి వెళ్లండి. ప్రతి ఒక్కరినీ ఈ నాలుగు ప్రశ్నలు అడగండి: ఇది మీ దగ్గరికి ఎలా వచ్చింది? ఏం చూసి సరే అన్నారు? తర్వాత ఎవరికి ఇచ్చారు? చిక్కు వస్తే ఎవరికి ఫోన్ చేస్తారు?

నాలుగో ప్రశ్నకు వచ్చే జవాబులే మీకు చాలా అవసరం. "లోన్ ఉందో లేదో నాకు తెలీదు సార్, అకౌంటెంట్ గారిని అడుగుతా, ఆయన లేకపోతే మేనేజర్ గారికి ఫోన్ చేస్తా" అని గుమస్తా అన్నాడంటే, మీ అసలు పద్ధతి ఆ ఫోన్‌లో ఉంది. సాఫ్ట్‌వేర్‌లో దానికి చోటు లేదు.

దీనికి ప్రత్యేకమైన బొమ్మలు గీసే టూల్స్ ఏవీ అక్కర్లేదు. పెద్ద చార్టు మీద మార్కర్‌తో తెలుగులో రాస్తే చాలు.

సరిచూసుకోవడం: రాసినదాన్ని మేస్త్రీకి చదివి వినిపించండి. "అంతేనండీ, కాకపోతే..." అంటాడు. ఆ "కాకపోతే" తర్వాత చెప్పేదంతా రాసుకోండి. శాంపిల్ కోసం ఒక టిక్కీ విప్పడం, నూట యాభైలో నలభై మాత్రమే తీసుకెళ్లడం, ఒకే బాండు మీది సరుకు రెండు ఛాంబర్లలో ఉండటం, ఇవన్నీ అక్కడే బయటపడతాయి.

2. మార్పు ఏ రకమో తేల్చుకోండి

మార్పును ఒక్క వాక్యంలో రాయండి. "లోన్ ఉన్న బాండుకు బ్యాంకు లెటర్ లేకుండా డెలివరీ చీటీ రాకూడదు." ఒక్క వాక్యంలో రాకపోతే అవి రెండు మార్పులు. విడదీసి ఒకదాని తర్వాత ఒకటి చేయండి. తర్వాత అది కింది నాలుగింటిలో ఏ రకమో చూడండి. ఏం చేయాలన్నది దాన్నిబట్టే ఉంటుంది.

అంకె మారడం. అద్దె, హమాలీ కూలి, పన్ను రేటు లాంటివి. ఇక్కడ ఒకటే సూత్రం: పాత అంకెను చెరిపి కొత్తది రాయకూడదు. "ఏ తేదీ నుంచి" అనే గడితో కొత్త వరుస చేర్చాలి. 2025 సెప్టెంబరు 22న జీఎస్టీ శ్లాబులు మారి, 28 శాతంలో ఉన్న ఆటో విడిభాగాలు 18 శాతానికి వచ్చినప్పుడు ఈ తేడా బాగా తెలిసొచ్చింది. రేటును తేదీతో పట్టికలో పెట్టుకున్నవాళ్లు ఒక వరుస చేర్చి షాపు తెరిచారు. రేటు ప్రోగ్రాంలోనే రాసి ఉన్నవాళ్లు వెండర్ ఫోన్ కోసం ఎదురుచూడాల్సిందే. పాత రేటు చెరిపేస్తే ఇంకో చిక్కు ఉంది. ఆ తేదీకి ముందు అమ్మిన సరుకు వాపసు వస్తే పాత బిల్లులోని పన్ను ప్రకారమే లెక్క తేల్చాలి.

పేరు లేదా జాబితా మారడం. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చాయి. విజయవాడ ఎన్టీఆర్ జిల్లా అయింది. నరసరావుపేట, సత్తెనపల్లి రైతులు గుంటూరు జిల్లా నుంచి పల్నాడుకు మారారు. ఇలాంటప్పుడు డ్రాప్‌డౌన్‌లో పాత పేరు తీసేసి కొత్తది పెడితే గూగుల్ షీట్‌లో పాత ఎంట్రీలు పాత పేరుతోనే ఉంటాయి. రిపోర్టులో ఒకే ఊరి రైతులు రెండు చోట్ల కనిపిస్తారు. కొన్ని సాఫ్ట్‌వేర్లలో దీనికి రివర్స్ జరుగుతుంది. మాస్టర్‌లో (పేర్ల అసలు జాబితాలో) పేరు మార్చగానే ఐదేళ్ల కిందటి బాండ్లలో కూడా కొత్త పేరే కనిపిస్తుంది. మీది ఏ రకమో ముందే ఒక డమ్మీ పేరుతో చూసుకోండి. మంచి మార్గం ఏమిటంటే పాత పేరును తీసేయకుండా "వాడుకలో లేదు" అని గుర్తుపెట్టడం, ఊరు ఏ జిల్లాలోకి వస్తుందో వేరే పట్టికలో పెట్టడం.

మనిషి మారడం. అప్రూవ్ చేసేవాడు సెలవు పెట్టడం, మానేయడం. పని హోదాకు అప్పగించండి, పేరుకు కాదు. "అకౌంటెంట్ అప్రూవ్ చేయాలి" అని ఉండాలి, ఆ సీటులో ఎవరున్నారన్నది వేరే చోట మారుతుంది. పాస్‌వర్డ్ చేతులు మారడం మాత్రం వద్దు. రేపు తప్పు జరిగితే ఎవరు నొక్కారో తెలియదు, నిజాయితీగా పనిచేసేవాడి మీద నింద పడుతుంది.

మెట్టు మారడం. కొత్త తనిఖీ రావడం, ఒక మెట్టు పోవడం, వరుస మారడం. మన బ్యాంకు లెటర్ మార్పు ఈ రకమే. కష్టమైనది ఇదొక్కటే. ఇక్కడి నుంచి చెప్పేదంతా ముఖ్యంగా దీని గురించే.

3. మీ దగ్గరున్న టూల్‌తో అవుతుందా చూడండి

గూగుల్ ఫారం, షీట్ మీద నడుపుతుంటే: ఫారంలో కొత్త ప్రశ్న పెడితే షీట్‌లో చివర కొత్త కాలమ్ వస్తుంది. ప్రశ్న తీసేసినా పాత కాలమ్ అలాగే ఉంటుంది. కాబట్టి డేటా పోదు, కానీ ఫార్ములాలు పాత కాలమ్‌నే చూస్తుండొచ్చు. ఒక్కొక్క ఫార్ములా తెరిచి చూడండి. ఇంకో సంగతి, ఒక మెట్టు పూర్తికాకుండా తర్వాతి ఎంట్రీని "ఆపడం" షీట్‌కు సరిగ్గా రాదు. ఎవరైనా నేరుగా గడిలో రాసేయగలరు. ముఖ్యమైన కాలమ్స్‌ను ప్రొటెక్ట్ చేయండి. పొరపాటు జరిగితే వెర్షన్ హిస్టరీలో పాత స్థితికి వెళ్లొచ్చు.

యాప్‌షీట్ (షీట్ నుంచి ఫోన్ యాప్ తయారుచేసే గూగుల్ టూల్) మీద ఉంటే: షీట్‌లో కాలమ్ చేర్చగానే సరిపోదు, యాప్ ఎడిటర్‌లో ఆ టేబుల్ స్ట్రక్చర్‌ను రీజెనరేట్ చేయాలి. ఇది మర్చిపోయి "యాప్ పాడైంది" అని కంగారు పడేవాళ్లు చాలామంది. నెట్ లేనప్పుడు కూడా ఎంట్రీ చేసి తర్వాత సింక్ చేసుకోవచ్చు కాబట్టి సిగ్నల్ అందని ఛాంబర్ల దగ్గర ఇది బాగా పనికొస్తుంది.

ఈఆర్‌పీనెక్స్ట్ (సంస్థ పనులన్నీ ఒకేచోట నడిపే సాఫ్ట్‌వేర్) వాడుతుంటే: వర్క్‌ఫ్లోలో స్థితులు, వాటి మధ్య మార్పులు, ఏ రోల్ వాళ్లు మార్చొచ్చు అన్నవి ప్రోగ్రామర్ లేకుండానే పెట్టుకోవచ్చు. అయితే ఒక డాక్యుమెంట్ రకానికి ఒకసారికి ఒకే వర్క్‌ఫ్లో యాక్టివ్‌గా ఉంటుంది. పాతవి పాతలా, కొత్తవి కొత్తలా నడవాలంటే ఆ మార్పుల దగ్గర తేదీని బట్టి కండిషన్ రాయాలి.

ట్యాలీ మాత్రమే ఉంటే: అది లెక్కల కోసం. గేటు, ఛాంబర్, బ్యాంకు లెటర్ లాంటి మెట్లను దానిలో ఇరికించొద్దు. పక్కన చిన్న షీటో యాప్‌షీటో పెట్టుకుని, పూర్తయిన డెలివరీలను మాత్రం ట్యాలీలోకి తీసుకెళ్లండి.

లోకల్ వెండర్ రాసిచ్చిన సాఫ్ట్‌వేర్ అయితే ఫోన్ చేసి ఇవి అడగండి. కొత్త మెట్టు చేర్చడానికి ప్రోగ్రాం మార్చాలా, సెట్టింగ్ చాలా? ఎంత కాలం పడుతుంది, ఎంత ఖర్చు? ట్రయల్ కోసం వేరే కాపీ ఇస్తారా? నా డేటా మొత్తం ఎక్సెల్‌లో నాకు ఇస్తారా? చివరి ప్రశ్నకు సూటిగా "ఇస్తాం" అనే మాట రాకపోతే, ఈ మార్పు అయ్యాక వేరే సాఫ్ట్‌వేర్ గురించి ఆలోచించడం మొదలుపెట్టండి.

4. ఇప్పటికే నడుస్తున్న పనులను ఏం చేయాలో ముందే నిర్ణయించండి

మీరు దేన్ని దాటేసినా దీన్ని దాటేయొద్దు. నేను చూసిన గొడవల్లో ఎక్కువ భాగం ఇక్కడే మొదలవుతాయి.

మిర్చి ఫిబ్రవరి, మార్చిలో లోపలికి వెళ్తుంది. ధర చూసుకుని ఆగస్టులోనో, దీపావళి తర్వాతో బయటికి వస్తుంది. మీరు జూన్‌లో పద్ధతి మారిస్తే, అప్పటికే ఛాంబర్లలో ఉన్న వేల టిక్కీలు పాత పద్ధతిలో లోపలికొచ్చినవి. వాటి బాండ్లలో "లోన్ ఉందా?" అనే గడే లేదు. కొత్త సాఫ్ట్‌వేర్ ఆ ఖాళీ గడిని ఎలా చదువుతుంది? "లేదు" అని చదివితే తాకట్టు సరుకు వెళ్లిపోతుంది. "తెలియదు, ఆపు" అని చదివితే ప్రతి రైతు గేటు దగ్గర ఆగిపోతాడు. ఊరి నుంచి బండి కిరాయికి మాట్లాడుకుని వచ్చిన మనిషిని అలా నిలబెట్టడం చాలా అన్యాయం.

మూడు మార్గాలున్నాయి.

పాతవి పాతలాగే ముగియనివ్వడం. తేదీని బట్టి సాఫ్ట్‌వేర్ రెండు దారులు చూపిస్తుంది. అద్దె, కూలి లాంటి విషయాలకు ఇదే న్యాయం. రైతు ఏ అద్దెకు ఒప్పుకుని సరుకు పెట్టాడో ఆ అద్దే తీసుకోవాలి. రెండు దారులు కొన్నాళ్లు పక్కపక్కనే నడుస్తాయి కాబట్టి, పాత దారిలో ఇంకా ఎన్ని మిగిలాయో చూపించే చిన్న రిపోర్టు పెట్టుకోండి. అది సున్నా అయ్యాకే పాత దారి మూసేయండి.

అన్నింటినీ కొత్తదానికి మార్చడం. భద్రతకు, చట్టానికి సంబంధించిన మార్పులకు ఇదే తీసుకోవాలి. మన బ్యాంకు లెటర్ ఇదే కోవలోది. మార్పు రోజుకు ముందే అకౌంటెంట్ కూర్చుని, నిల్వ ఉన్న ప్రతి బాండుకూ లోన్ ఉందో లేదో నింపాలి. బ్యాంకు నుంచి తాకట్టు బాండ్ల జాబితా తెప్పించుకుని సరిపోల్చాలి. పని ఎక్కువే. అయినా దీనికి అడ్డదారి లేదు.

ఒక్కొక్కటిగా, బయటికొచ్చే ముందు మార్చడం. అన్నీ ఒకేసారి నింపలేనప్పుడు ఖాళీ గడిని "చూడాలి" అని గుర్తుపెట్టి, పార్టీ ఫోన్ చేసిన రోజునే తనిఖీ పూర్తిచేయడం. దీనికి పార్టీలు ఒకరోజు ముందు ఫోన్ చేయాలని చెప్పి పెట్టాలి. చిన్న స్టోరేజీలకు నేను చెప్పేది ఎక్కువగా ఇదే.

హెచ్చరిక: సగం దారిలో ఉన్నవాటిని మర్చిపోవద్దు. చీటీ రాశారు, టిక్కీలు సగం దింపారు, సాయంత్రం అయింది. రేపటి నుంచి కొత్త పద్ధతి. ఆ చీటీ ఏ దారిలో ఉంది? మార్పుకు ముందురోజు సాయంత్రం ఇలాంటివి ఎన్నున్నాయో లెక్కపెట్టి, వీలైతే పూర్తిచేసేయండి, లేకపోతే రద్దు చేసి మర్నాడు కొత్తగా రాయండి.

5. తప్పనిసరి పరిస్థితికి ఒక తలుపు పెట్టండి

బ్యాంకు మేనేజర్ ఊళ్లో లేడు, లెటర్ సోమవారం వస్తుంది, ఎగుమతి వ్యాపారి కంటైనర్ ఇవాళే బయలుదేరాలి. ఇలాంటి రోజు తప్పకుండా వస్తుంది. సాఫ్ట్‌వేర్ పూర్తిగా తలుపు మూసేస్తే జనం గోడ దూకుతారు, మీకు తెలియకుండా.

అందుకని "ప్రత్యేక అనుమతి" అనే దారి మీరే పెట్టండి. అది ఒకరికో ఇద్దరికో మాత్రమే తెరుచుకోవాలి. కారణం రాయకుండా ముందుకు వెళ్లకూడదు. ఎవరు, ఎప్పుడు అన్నది దానంతటదే నమోదవ్వాలి. కారణాలకు చిన్న జాబితా ఇవ్వండి, చివర "ఇతరం" కూడా ఉంచండి. తాకట్టు లాంటి విషయంలో ఈ దారి కూడా బ్యాంకు నుంచి ఈమెయిల్ వస్తేనే తెరుచుకునేలా పెట్టండి. యజమాని నోటిమాట దానికి చాలదు.

కరెంటు పోయినా, నెట్ పోయినా వాడటానికే ఆ నంబర్లు వేసిన కాగితం చీటీలు. నంబర్ ఉంటేనే తర్వాత ఏది ఎక్కించారో, ఏది మిగిలిందో తెలుస్తుంది. తెల్లకాగితం మీద రాస్తే అది జేబులో ఉండిపోతుంది. సిస్టమ్ తిరిగి వచ్చిన రోజే ఆ నంబర్లన్నీ ఎక్కాలి. ఇది గుమస్తా పని అని రాసి పెట్టండి.

6. కాపీలో పరీక్షించండి

నేరుగా అసలు డేటాలో మార్చొద్దు. గూగుల్ షీట్ అయితే కాపీ చేసుకోండి, వేరే సాఫ్ట్‌వేర్ అయితే పరీక్ష కోసం అందులో వేరే ట్రయల్ కంపెనీ తెరిపించుకోండి. షీట్ కాపీకి పేరు ముందు "ట్రయల్" అని పెద్దగా రాయండి, రంగు మార్చండి. లేకపోతే ఎవరో ఒకరు అసలు ఎంట్రీ దానిలో చేస్తారు.

మొదట తెచ్చుకున్న పది చీటీలను ఇందులో మళ్లీ నడిపించండి. మామూలువి సులువుగా వెళ్లిపోతాయి. గొడవ పడిన మూడూ ఎలా వెళ్తాయో చూడండి. వీటిని కూడా తప్పకుండా ప్రయత్నించండి:

- లోన్ ఉన్న బాండులో సగం సరుకుకే బ్యాంకు విడుదల ఇచ్చింది.
- చీటీ రాశాక పార్టీ "వద్దు, ధర పెరిగేలా ఉంది" అని ఆపేశాడు.
- ఒకే పేరుతో ఇద్దరు రైతులు, ఒకే ఊరు.
- అకౌంటెంట్ సెలవులో ఉన్నాడు.
- లెటర్ ఫొటో ఎక్కిస్తుండగా నెట్ పోయింది.

ఇవి మీ గుమస్తాతో చేయించండి, మీరు పక్కన చేతులు కట్టుకుని చూడండి. ఎక్కడ ఆగుతాడో, ఎక్కడ మీ వైపు చూస్తాడో అక్కడ స్క్రీన్ మారాలి. స్క్రీన్ మీద మాటలు కూడా ఇక్కడే సరిచేయండి. "డిస్పాచ్ ఆథరైజేషన్" అని ఉంటే "డెలివరీ చీటీ" అని మార్చండి. మీ ఆఫీసులో వాడే మాటే ఉండాలి.

7. మార్పు రోజును జాగ్రత్తగా ఎంచుకోండి

సీజన్‌లో వద్దు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా సరుకు పోటెత్తే రోజుల్లో ఏ స్టోరేజీలోనూ పద్ధతి మార్చొద్దు. మిర్చి యార్డుకు (మార్కెట్‌కు) వేసవి సెలవులిచ్చే రోజులు దీనికి బాగుంటాయి. అది కుదరకపోతే యార్డు పనిచేయని రోజు. విజయవాడ బట్టల హోల్‌సేల్ వాళ్లయితే దసరాకు, సంక్రాంతికి ముందు దీని జోలికి వెళ్లొద్దు. అకౌంట్లతో ముడిపడిన మార్పు అయితే నెల మొదటి రోజున పెడితే లెక్క తేలిక.

ఆ రోజు కోసం రెండు విషయాలు ముందే కాగితం మీద రాయండి. ఏం జరిగితే వెనక్కి వెళ్లిపోవాలి? వెళ్తే ఎలా? ఉదాహరణకు "మధ్యాహ్నం ఒంటిగంటకు గేటు దగ్గర ఐదు బండ్లకంటే ఎక్కువ ఆగితే కాగితం చీటీలకు వెళ్తాం, నిర్ణయం మేనేజర్‌ది." ఇది ముందే రాసి ఉంటే ఆ రోజు టెన్షన్‌లో ఎవరూ అరుచుకోరు.

8. సీటు దగ్గరే నేర్పండి

అందరినీ ఒక గదిలో కూర్చోబెట్టి ప్రొజెక్టర్‌తో చెబితే మర్నాటికి ఏమీ గుర్తుండదు. ఒక్కొక్కరికి వాళ్ల మెట్టు మాత్రమే, వాళ్ల ఫోన్‌లో లేదా కంప్యూటర్‌లో, నిజమైన చీటీతో చూపించండి. ఈ మార్పు ఎందుకో కూడా చెప్పండి. "తాకట్టు సరుకు పొరపాటున వెళ్తే ముందు పోలీసులు అడిగేది గేటు దగ్గరున్న నిన్ను, ఈ గడి నిన్ను కాపాడుతుంది" అని వాచ్‌మన్‌కు చెబితే ఆయన ఆ గడిని వదలడు. పెద్ద వయసు మేస్త్రీకి టైపింగ్ కష్టం. జీబోర్డులో (గూగుల్ కీబోర్డు యాప్) తెలుగు వాయిస్ టైపింగ్ ఆన్ చేసివ్వండి, లేదా ఆయన ఎంచుకోవడమే తప్ప రాయాల్సిన పని లేకుండా చేయండి.

9. పాత పుస్తకం, కొత్త స్క్రీన్ రెండూ ఎంతకాలం?

రెండు వారాలు చాలు. అంతకంటే ఎక్కువైతే జనం ఒకదాన్ని చూసి రెండోదానిలో నింపేస్తారు, అప్పుడు రెండూ సరిపోలినా దానికి అర్థం ఉండదు. ముగింపు తేదీ మొదటి రోజే గోడ మీద రాయండి. ఆ తేదీన పాత పుస్తకం కింద గీత గీసి, సంతకం చేసి, బీరువాలో పెట్టండి. పారేయొద్దు. జీఎస్టీ చట్టం ప్రకారం లెక్కల పుస్తకాలను ఆ సంవత్సరపు వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు దాచాలి.

ఫలితం సరిచూసుకోవడం ఎలా?

ఎంట్రీల టైం చూడండి. అన్నిటికంటే ఎక్కువగా నేను నమ్మేది ఇదే. ఒక రోజు డెలివరీలను ఎంట్రీ అయిన సమయం ప్రకారం వరుసగా పెట్టండి. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పరుచుకుని ఉంటే పని సాఫ్ట్‌వేర్‌లో నడుస్తున్నట్టు. అన్నీ రాత్రి ఏడుకు నిమిషం తేడాతో ఉంటే పని చీటీల మీద నడుస్తోంది, సాఫ్ట్‌వేర్‌లోకి కాపీ అవుతోంది. తిట్టొద్దు. ఏ మెట్టు దగ్గర ఆలస్యం అవుతోందో అడగండి, ఎక్కువసార్లు గేటు దగ్గర ఫోనో సిగ్నలో లేకపోవడమే కారణం.

ఒక ర్యాకు లెక్కపెట్టండి. వారానికి ఒకసారి ఏదో ఒక ఛాంబర్‌లో ఒక ర్యాకు ఎంచుకుని, అక్కడున్న టిక్కీలు, లాట్ నంబర్లు సిస్టమ్‌తో సరిపోల్చండి. ముందుగా ఏ ర్యాకో చెప్పొద్దు.

ప్రత్యేక అనుమతులు చదవండి. అస్సలు లేకపోతే బయట ఏదో జరుగుతోందని అనుమానించండి. ఒకే కారణం పదేపదే వస్తుంటే అది తప్పనిసరి పరిస్థితి కాదు, మీరు గమనించని మామూలు పద్ధతి. దానికి సొంత మెట్టు ఇవ్వండి.

వాట్సాప్ గ్రూపు చూడండి. "సార్ 214 బాండు ఓకేనా?" లాంటి మెసేజీలు తగ్గుతున్నాయా? తగ్గకపోతే అప్రూవల్ ఇంకా అక్కడే జరుగుతోంది. రైతుల ఆధార్, పాస్‌బుక్ ఫొటోలు గ్రూపులో తిరుగుతుంటే వెంటనే ఆపించండి. నమ్మి ఇచ్చిన కాగితాలవి.

తరచుగా జరిగే పొరపాట్లు

పాత పద్ధతిలోని అనవసరపు మెట్లను కూడా స్క్రీన్‌లోకి ఎక్కించడం. ఎప్పుడో ఒక గుమస్తా తప్పు చేశాడని పెట్టిన మూడో సంతకం, ఆయన వెళ్లిపోయినా మిగిలి ఉంటుంది. ప్రతి మెట్టుకూ "ఇది లేకపోతే ఏమవుతుంది?" అని అడగండి. ఎవరూ జవాబు చెప్పలేకపోతే తీసేయండి.

అన్ని గడులూ తప్పనిసరి చేయడం. అప్పుడు జనం చుక్కలు, సున్నాలు, 9999999999 నంబర్లు పెట్టి దాటేస్తారు. తర్వాతి మెట్టు ఆగిపోయేంత అవసరమైతేనే తప్పనిసరి చేయండి.

తప్పు ఎంట్రీని డిలీట్ చేయడం. రద్దు చేయండి, చెరపొద్దు. ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ అయితే 2023 ఏప్రిల్ 1 నుంచి అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ప్రతి మార్పు జాడ మిగిలే ఎడిట్ లాగ్ ఉండటం చట్టప్రకారం తప్పనిసరి. అది ఆఫ్ చేయగలిగే వెర్షన్ వాడొద్దు. భాగస్వామ్య సంస్థకు ఈ నిబంధన లేకపోయినా పెట్టుకోమనే చెబుతాను, భాగస్వాముల మధ్య అనుమానాలు రాకుండా ఉంటాయి.

మార్పు తెలిసిన ఒక్క మనిషి వెళ్లిపోవడం. దీనికి మందు ఒక చిన్న షీట్. దానిలో ఈ కాలమ్స్ పెట్టండి: తేదీ, ఏం మారింది, ఎందుకు, ఎవరు అడిగారు, సాఫ్ట్‌వేర్‌లో ఎక్కడ మార్చారు, నడుస్తున్న పనులను ఏం చేశారు, పాత దారి ఎప్పుడు మూశారు. ఏడో కాలమ్ ఖాళీగా ఉన్న వరుసలను నెల మొదటి వారంలో ఒకసారి చూడండి. ఆ దారులు ఇంకా తెరిచే ఉన్నాయి. వాటిలో ఎన్ని బాండ్లు మిగిలాయో రిపోర్టు తీసి, సున్నా అయినవాటిని అదే రోజు మూసి తేదీ వేయండి.